పిడికెడంత అక్షరాలు

ఉద్యోగం నుంచి బయటపడ్డాక నన్ను చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అంతకాలం కంప్యూటర్లతో గడిపారు కదా, ఏం తయారుచేశారు?" అని. నిజం చెప్పాలంటే ఏమీ తయారుచెయ్యలేదు. ఇతరులు తయారుచేసి, వాడి, విసుగొచ్చి పక్కన పడేసిన వాటిని విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ నడిపించాను. అంతే నా ఘనకార్యం. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి పిల్లలకు ఇది చెప్పుకోదగ్గ పనిగా కనిపించకపోవచ్చు. అయినా ఒక సంగతి చెప్పాలని ఉంది. ఇందులో మెచ్చుకోవలసిన మనుషులు ఉన్నారు. నేను వాళ్ళ పక్కన నిలబడి చూసినవాణ్ణి.

అప్పట్లో మాదాపూర్ వైపు చూస్తుండగానే అద్దాల మేడలు లేచిపోయేవి. ఆ మేడల్లో కంప్యూటర్లకు ఆయుష్షు తక్కువ. చెడిపోయి కాదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చేది, దాన్ని మోసే శక్తి వీటికి లేదనేవాళ్ళు, మూటగట్టి వ్యాను ఎక్కించేవాళ్ళు. అలాంటి వ్యాన్లు కొన్ని ఫిలింనగర్ వాలులో ఉన్న మా సెల్లారు ముందు ఆగేవి. వాటిని దించుకుని, బాగున్న భాగాలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మార్చి, తేలికపాటి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మా పని. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో తలో చెయ్యి వేసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన సిస్టమ్‌లు అవి. అలా లేచి కూర్చున్న మిషన్లు బళ్ళకు, చిన్న చిన్న ఆఫీసులకు వెళ్ళేవి. పెద్ద కంపెనీ ముసలిదని వదిలేసింది బడిలో పిల్లల చేతికి రాగానే పడుచుదైపోయేది. ఆ మార్పు చూడటం నాకు ఇష్టంగా ఉండేది.

నాతో పనిచేసినావిడ రహమత్ నగర్‌లో పుట్టి పెరిగింది. వయసులో నాకంటే చాలా చిన్నది, నోటి ధాటిలో నాకంటే చాలా పెద్దది. స్క్రూడ్రైవర్ పని నాది, సాఫ్ట్‌వేర్ పని ఆమెది. నేను ఏలూరు వైపు నుంచి వచ్చి మోతీనగర్‌లో అద్దెకుండేవాణ్ణి. మొదట్లో ఆమె మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాట ఆమెకు నవ్వు తెప్పించేది. ఏదైనా మిషన్‌ని నేను "ఇది పోయిందమ్మా" అని పక్కన పెట్టబోతే చేతిలోంచి లాక్కునేది.

"గిది సావలేదన్నా. ఉపాసమున్నది. జర మెమరీ వెడితే లేస్తది సూడు."

లేచేది. లేచిన ప్రతిసారీ నావైపు ఒక చూపు చూసేది. వినయం అనేది ఆమె దరిదాపుల్లో ఉండేది కాదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

మా సెల్లారు పైన ఒక డబ్బింగ్ థియేటరు ఉండేది. సినిమా తీసేటప్పుడు నటులు మాట్లాడిన మాటలు తర్వాత ఆ గదిలో మళ్ళీ చెప్పిస్తారు. తెలుగు రాని నటులకు వేరే వాళ్ళు గొంతు ఇస్తారు. పొద్దున్నించీ మెట్ల మీద ఎవరో ఒకరు ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళు. కానీ మా సెల్లారు గుమ్మంలోకి ఎవరూ తొంగి చూసేవాళ్ళు కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక పెద్దావిడ తొంగి చూసింది. నేతచీర, చేతిలో గుడ్డసంచి, నుదుటి మీద చెమట.

"ఇక్కడ కాగితాలు పెద్దవి చేస్తారా బాబూ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా, బల్ల కింద వైర్లు సర్దుతున్న మా ఆవిడ, అంటే నా సహోద్యోగిని, ఒక్క ఉదుటున లేవబోయి తల బల్లకు కొట్టుకుంది. తల రుద్దుకుంటూనే బయటికొచ్చింది.

"అన్నా! గీ గొంతు... అమ్మా, మీరు మా ఇంట్ల రోజు మాట్లాడ్తరు గదా!"

పెద్దావిడ నవ్వింది. "ఏడుస్తాను అను తల్లీ. నాకు నవ్వే వేషాలు ఎవరిస్తారు?"

అప్పుడు నాకూ తెలిసింది. ఆ గొంతు నాకు చిన్నప్పటి నుంచీ పరిచయం. కొడుకును ఇంట్లోంచి వెళ్ళగొట్టిన తల్లి, కోడల్ని కడుపులో పెట్టుకున్న అత్త, కోర్టు బోనులో నిలబడి కేకవేసిన విధవరాలు... తెర మీద మొహాలు మారాయి గానీ గొంతు ఈవిడదే. తెనాలి నుంచి నాటకాల మీదుగా మద్రాసు వెళ్ళి, సినిమా వాళ్ళతో పాటే హైదరాబాదు వచ్చి, యూసుఫ్‌గూడలో స్థిరపడిందట. తెలుగుదేశమంతా విన్న మనిషిని చూస్తూ నేను కుర్చీ వెయ్యడం కూడా మరిచిపోయాను.

సంచిలోంచి ఆవిడ కొన్ని కాగితాలు తీసింది. అసిస్టెంట్ డైరెక్టర్ల చేతిరాతలో ఉన్న డైలాగులు. కోడి గెలికినట్టున్నాయి. వాటిని పెద్దవి చేసి ఇమ్మంది. మా దగ్గర జిరాక్సు మిషను లేదన్నాను. అయినా ఎందుకని అడిగితే, ఆవిడ ఒకసారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"చూపు ఆనడం లేదు బాబూ. సూటిగా చూస్తే నడిమధ్యలో మసక. ఓరగా చూస్తే కాస్త నయం. తెర మీద పెదాలు కనిపిస్తాయి, చేతిలో అక్షరాలు కనిపించవు. ఇంతకంటే మెరుగుపడదని డాక్టరు చెప్పేశాడు."

"పైనోళ్ళకు ఎరుకేనా అమ్మా?" అని అడిగింది మా సహోద్యోగిని.

"ఎరుకైతే పిలుస్తారా తల్లీ?"

ఎలా నెట్టుకొస్తోందో చెప్పింది. డైలాగులు ముందే తెప్పించుకుని, పక్కింటి కోడలితో చదివించుకుని, బట్టీపట్టి వెళ్తోంది. కానీ సినిమాలో ఏ మాటా చివరిదాకా ఒకేలా ఉండదు. మైకు ముందు నిలబడ్డాక మాటలు మార్చేస్తారు. కిందటి వారం వేరే థియేటర్లో అలా మారిస్తే, చేతిలో కొత్త కాగితం పట్టుకుని ఈవిడ పాత మాటలే చెప్పింది. డైరెక్టర్ మాట కావాలనే కొట్టేస్తోందని అనుకున్నారు.

"పొగరని పేరొచ్చింది. పోనీలే, గుడ్డిదనే కంటే పొగరుబోతు అనడమే మేలు కదా," అంది. నవ్వుతూనే అంది. మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

మా సహోద్యోగిని ఆ కాగితాలు తీసుకుని తిరగేసింది. "పెద్దగ జేస్తే ఏమొస్తదమ్మా? ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాయితమైతది. తిప్పినప్పుడల్ల మైకుల చప్పుడొస్తది. కాయితమే వద్దు. మీ మాటలు తెర మీద పెడ్త. పిడికెడంత అక్షరాలు. ఫికర్ జెయ్యకుండ్రి."

ఇది సాధ్యమా అని నన్ను అడగలేదు. అడిగితే నేను ఆలోచించి చెబుతాననేవాణ్ణి, ఆలోచిస్తూ ఉండిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లో కంప్యూటర్‌లో తెలుగు అంటే మీకు ఇప్పుడు ఉన్నంత సులువు కాదు. మా దగ్గరికొచ్చిన మిషన్లలో ఉండే పాత సిస్టమ్‌కి తెలుగు ఒక భాషన్న సంగతే తెలియదు. అక్షరానికి బదులు ఖాళీ డబ్బా చూపించేది. మేము ఎక్కించే కొత్త సిస్టమ్‌కి తెలుగు తెలుసు గానీ, ఎలిమెంటరీ బడి పిల్లాడికి తెలిసినంతే తెలుసు. ఒత్తులు దానికి లొంగేవి కావు. అక్షరం కింద కూర్చోవాల్సిన ఒత్తు పక్కకు జారి, పొల్లు పెట్టుకుని నిలబడేది.

మొదటిసారి ఆవిడను కూర్చోబెట్టి తెర చూపించాం. తల కాస్త పక్కకు తిప్పి, ఓరగా చూస్తూ చదవడం మొదలుపెట్టింది. అక్షరాలు కనిపించినందుకు మొహం వెలిగింది. అంతలోనే ఆగిపోయింది.

"కన్ న తల్ లి... ఇదేం తెలుగమ్మా? అన్నిటికీ పొల్లులు తగిలించారు! కన్నతల్లిని ఇలా ముక్కలు చేసి పలికితే జనం కుర్చీలు విరగ్గొడతారు."

మా సహోద్యోగిని మొహం మాడిపోయింది. కానీ ఆ సాయంత్రమే, ఆ సిస్టమ్‌లో తెలుగు కోసం పనిచేసే వాళ్ళకు మెయిల్ రాసింది. వాళ్ళు ఉద్యోగులు కారు. ఎక్కడో వేరే ఊళ్ళలో వేరే కొలువులు చేసుకుంటూ, సెలవురోజుల్లో తెలుగు అక్షరాలు సరిచేసే మనుషులు. వాళ్ళలో ఒకాయన, ఇది ఏ గొంతు కోసమో తెలుసుకుని, ఉత్సాహం పట్టలేక ఫోనే చేశాడు. ఏ ఒత్తు ఎక్కడ జారుతోందో అడిగి అడిగి రాసుకున్నాడు. కొద్దిరోజుల్లో ఒక సవరణ పంపాడు. దాంతో చాలావరకు దారిలో పడింది. మిగతాది కొత్త వెర్షన్ వచ్చాక పూర్తిగా సరవుతుందన్నాడు. నేను అతన్ని ఇప్పటికీ చూడలేదు. చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇక మిషన్‌ని పైకి చేర్చాలి. అక్కడ సౌండ్ ఇంజనీరు ఉన్నాడు. తలంతా నెరిసిన మనిషి, గుంటూరు వైపు వాడు, పరమ చాదస్తుడని పేరు. డబ్బింగ్ గదిలోకి వెళ్ళేముందు చేతి గడియారం కూడా విప్పించేవాడు. ఆ టిక్కుటిక్కు మైకుకు వినిపిస్తుందని.

ముగ్గురం వెళ్ళాం. నేను ముందు నిలబడి, ముందే అనుకున్న మాట చెప్పాను. "కొత్త పద్ధతండీ. కాగితాల చప్పుడు ఉండదు. తెర మీద చూసి చదువుకోవచ్చు."

"ఆ గదిలో కంప్యూటరా? దాని ఫ్యాను గోల ఎవరు భరిస్తారండీ?" అన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "ఇంతకీ ఎవరి కోసం?" అని అడిగాడు.

నా వెనక నుంచి ఆవిడే ముందుకొచ్చింది. "నాకోసమే బాబూ. నా చూపు..."

"తెలుసమ్మా," అన్నాడాయన.

ఆవిడ నిర్ఘాంతపోయింది.

"కాగితం తలకిందులుగా పట్టుకుని ఒక్క తప్పు లేకుండా సీనంతా చెప్పారు చూడండి, ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచే కదా, ప్రతి డైలాగూ ముందు నేను హెడ్‌ఫోన్‌లో చదివి వినిపిస్తున్నది."

"అది టైమింగ్ కోసమన్నావు కదయ్యా!"

"ఏదో ఒకటి అనాలి కదమ్మా."

ఆవిడ చెంపలు వేసుకుంది. "నువ్వు చాదస్తపు మనిషివని, వద్దన్నా చదివి వినిపిస్తావని, నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను," అంది.

"అదీ నా చెవిన పడింది లెండి," అన్నాడు. ఆయన చెవులకు వినిపించనిది ఏముంటుంది?

ఆయన ఒప్పుకున్నాడు గానీ తన గది విషయంలో ఒక్క మెట్టు దిగలేదు. కంప్యూటర్ పెట్టె బయట కంట్రోల్ రూములో ఉండాలి, తెర మాత్రమే లోపలికి రావాలి. సరే, పొడుగాటి కేబులు లాగాం. అప్పటి తెరలు వీపు బరువైన గాజుడబ్బాలు. దాన్ని లోపల పెట్టి ఆన్ చేస్తే, నాకేమీ వినిపించలేదు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, "తేనెటీగ ఉంది లోపల," అన్నాడు. స్పీకర్లు పెంచి వినిపించాడు. నిజమే, సన్నటి జుమ్మనే శబ్దం.

పల్చటి తెర కావాలి. అవి అప్పుడే వస్తున్నాయి, పాతసామానులోకి ఇంకా రావడం లేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వ్యానునూ మా సహోద్యోగిని వెనక తలుపు పూర్తిగా తీయకముందే ఎక్కి వెతికేది. చివరికి ఒకటి దొరికింది. అంచున నిలువునా ఆకుపచ్చ గీత పడిందని కంపెనీ వాళ్ళు పారేశారు. "గీత గా పక్కకున్నది, అమ్మ సూపు గీ పక్కకున్నది. మంచిగ కుదిరింది," అంటూ గుండెకు హత్తుకుని దించింది. డైలాగు కాగితాలు పెట్టే స్టాండుకే దాన్ని బిగించాను. మైకుకు ఏ చప్పుడూ అందలేదు.

అలా మొదలైంది. ముందురోజు కాగితాలు మా సెల్లారుకు వచ్చేవి. మా సహోద్యోగిని వాటిని టైపు చేసేది. డబ్బింగ్ వేళకు పైకి వెళ్ళి, కంట్రోల్ రూములో కీబోర్డు ముందు కూర్చుని, ఒక్కో డైలాగూ పైకి జరిపేది. మాటలు మారితే అప్పటికప్పుడు మార్చేది. ఎవరైనా అడిగితే, "మా థియేటర్ కొత్త పద్ధతి," అనేవాడు సౌండ్ ఇంజనీరు గంభీరంగా. ఆయన మాటకు తిరుగుండేది కాదు. పెద్దావిడ పొగరుబోతన్న పేరు మెల్లగా మాసిపోయింది. అయితే ఒక్క ఇబ్బంది మిగిలింది. ఓరగా చూస్తేనే ఆవిడకు అక్షరం ఆనేది. తల పక్కకు తిప్పితే గాజు అవతల ఉన్నవాళ్ళకు అనుమానం వస్తుందని, మెడ బిగబట్టుకుని, కళ్ళు మాత్రమే తిప్పి చదివేది. సాయంత్రానికి మెడ పట్టేసేది.

అప్పుడొచ్చింది ఆ సినిమా. పెద్ద నిర్మాత, పేరు తెచ్చుకుంటున్న కుర్ర డైరెక్టరు. తల్లి వేషం వేసినామె బొంబాయి నటి. చనిపోయిన కొడుకు పక్కన కూర్చుని ఆ తల్లి మాట్లాడే సీను సినిమాకు ప్రాణం. దాన్ని ముక్కలు ముక్కలుగా కాక మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చెప్పించాలని అతని పట్టుదల. హెడ్‌ఫోన్‌లో ఎవరూ అందించకూడదు. మధ్యలో ఆపకూడదు.

దానికోసం మా సహోద్యోగిని ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. సినిమా బొమ్మ నడిచే వేగానికి సరిగ్గా అక్షరాలు తమంతట తామే పైకి జరుగుతాయి. కీబోర్డు ముట్టుకోనక్కర్లేదు. అదే సమయానికి సిస్టమ్ కొత్త వెర్షన్ కూడా వచ్చింది. ముందురోజు అది ఎక్కించి ఆవిడకు చూపించాం. "స్త్రీ" అనే మాట తెర నిండా నిలబడింది, ఏ ఒత్తు చోటులో ఆ ఒత్తు. ఆవిడ తెర మీద చెయ్యి పెట్టి తడిమింది.

"ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి!" అంది ఆ అక్షరంతో.

మర్నాడు ఉదయం డైరెక్టరు వచ్చాడు, వెంట నిర్మాత మేనేజరు. రాగానే సీనులో చివరి సగం మార్చేశానని కొత్త కాగితం ఇచ్చాడు. మా సహోద్యోగిని కిక్కురుమనకుండా టైపు చేసేసింది. డైరెక్టరు లోపలికి వెళ్ళి ఆవిడకు ఆ తల్లి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బాగా చెప్పాడు, కానీ చాలాసేపు చెప్పాడు. తర్వాత బయటికొచ్చి కూర్చున్నాడు. టేకు మొదలైంది.

ఆవిడ గొంతు విప్పింది. మొదట ఏడుపు లేదు. నిద్రపోతున్న పిల్లాణ్ణి బడికి లేపుతున్నట్టు, మెల్లగా మాట్లాడింది. డైరెక్టరు కుర్చీ అంచుకు జరిగాడు. మాటలు మారిన చోటుకు రాబోతుండగా లోపల అక్షరాల తెర ఆరిపోయింది.

ఎవరూ కీబోర్డు ముట్టుకోకపోతే కాసేపటికి తెరను నిద్రపుచ్చే అలవాటు ఆ కొత్త వెర్షన్‌కి ఉంది. పాతదానికి అది మేము ఎప్పుడో తీసేశాం. కొత్తదానికి తియ్యాలన్న ఊహే మాకు రాలేదు.

ఆవిడ ఆగిపోయింది. మా సహోద్యోగిని ఏదో మీట నొక్కేసరికి తెర మళ్ళీ వెలిగింది, కానీ టేకు పోయింది.

"ఏమైందమ్మా? అద్భుతంగా వెళ్తోంది కదా, ఎందుకాపారు?" డైరెక్టరు గొంతులో విసుగు.

సౌండ్ ఇంజనీరు అడ్డుపడ్డాడు. "మిషన్‌లో చిన్న లోపం సార్. మళ్ళీ..."

ఆయన మాట పూర్తికాలేదు. స్పీకర్లోంచి ఆవిడ గొంతు వచ్చింది. మైకు తెరిచే ఉంది మరి, గదిలో అందరికీ వినిపించింది.

"లోపం మిషన్‌ది కాదు బాబూ, నాది. నాకు కాగితం మీద అక్షరం కనిపించదు. ఆ తెర మీద పెద్ద అక్షరాలు చూసి చెబుతున్నాను. అది ఆరిపోతే నేనూ ఆరిపోయాను. ఇన్నాళ్ళూ దాచాను. ఇంక దాచలేను, మెడ నొప్పిగా ఉంది."

మొదట తేరుకున్నది మేనేజరు. డైరెక్టరు చెవిలో అన్నానని అతను అనుకున్నాడు గానీ మా అందరికీ వినిపించింది. "సార్, రిస్కెందుకు? కృష్ణానగర్‌కి ఫోన్ కొడితే ఇంకో ఆర్టిస్ట్ వచ్చేస్తుంది."

మా సహోద్యోగిని కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"షూటింగ్ల లైటు పోతే ఏం జేస్తరు సార్? లైటు మారుస్తరా, హీరోయిన్ని మారుస్తరా? తెర నాది, తప్పు నాది. అమ్మ గొంతుకేమైంది? ఇందాక ఇన్నరు గదా. ఒక్క టేక్ ఇయ్యుండ్రి. మళ్ళ ఆరితే నన్ను ఎల్లగొట్టుండ్రి."

డైరెక్టరు లేచి లోపలికి వెళ్ళాడు. గాజులోంచి చూస్తున్నాం. ఆవిడ పక్కన నిలబడి, వంగి, ఆ తెర వంక చూశాడు. తను రాసిన మాటలు పిడికెడంత అక్షరాల్లో ఉన్నాయి. కాసేపటికి అతని గొంతు మైకులో వినిపించింది.

"ఈ సైజు సరిపోతుందా అమ్మా? ఇంకా పెద్దవి చేయిద్దామా?"

"చాలు బాబూ," అందావిడ.

"ఎటు నుంచి చూస్తే మీకు బాగా కనిపిస్తుంది?"

ఆవిడ తల పూర్తిగా పక్కకు తిప్పి చూపించింది. అతనే స్టాండును పట్టుకుని అటు జరిపాడు. సౌండ్ ఇంజనీరు లోపలికి పరుగెత్తి, మైకును ఆవిడ నోటికి ఎదురుగా తిప్పాడు. నేను సిస్టమ్‌లో ఆ నిద్ర అలవాటు తీసెయ్యమని చెప్పబోయాను. అప్పటికే తీసేసి, తనను తాను తిట్టుకుంటోంది మా సహోద్యోగిని.

రెండో టేకు గురించి చెప్పడానికి నాకు సరైన మాటలు లేవు. మొదటి టేకులో ఉన్నది గొప్ప పనితనం. రెండోదాంట్లో ఆవిడ దాక్కోవడం మానేసింది. మెడ వదులైంది, భుజాలు వదులయ్యాయి, తల ఓరగా వాల్చి, పాడె మీది కొడుకు చెవిలో చెబుతున్నట్టు చెప్పింది. కొత్తగా మార్చిన మాటలు ఆవిడ నోట అప్పుడే పుట్టినట్టున్నాయి. చివరి మాట దగ్గర గొంతు పెంచలేదు, విరిచింది. బొమ్మ అయిపోయి తెర తెల్లబడ్డాక కూడా సౌండ్ ఇంజనీరు రికార్డింగ్ ఆపలేదు. డైరెక్టరు "ఓకే" అన్నాడు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అతని మీద నాకున్న కోపం కూడా అక్కడితో పోయింది.

ఫిలింనగర్‌లో రహస్యం నిలవదు, మంచిమాట కూడా నిలవదు. కాకపోతే మంచిమాట కాస్త ఆలస్యంగా పాకుతుంది. కొన్నాళ్ళకు మా సెల్లారు మెట్లు దిగేవాళ్ళు పెరిగారు. చత్వారం ముదిరిన ఒక పాత రచయిత వచ్చాడు. ఒక దర్జీ వచ్చాడు, కొలతలు పెద్దగా కనిపించాలని. విలన్లకు గొంతిచ్చే ఒకాయన వచ్చి, కళ్ళు తనకు బాగానే ఉన్నాయని, స్నేహితుడి కోసమని చెప్పి, తెర ముందు తానే కూర్చుని అరగంట పరీక్షించుకున్నాడు. కంపెనీలు కొత్తదాన్ని మొయ్యలేవని పారేసిన పెట్టెలే ఇవన్నీ. మా దగ్గర అవి ఎంచక్కా కొత్తదాన్ని మోశాయి.

డైరెక్టరు అప్పటి నుంచి ఆవిడకు చేతిరాత కాగితం పంపలేదు. ఆవిడ ఇంకా చాలా సినిమాలకు గొంతిచ్చింది. చూపు మరీ తగ్గి, పిడికెడంత అక్షరమూ ఆననప్పుడు తనే ఆపేసింది. పొమ్మని ఎవరూ అనలేదు. సౌండ్ ఇంజనీరు చాదస్తం ఆఖరిదాకా తగ్గలేదు. మా సహోద్యోగిని యూసుఫ్‌గూడలో సొంతంగా షాపు పెట్టింది. ఇప్పుడు ఆమె దగ్గర పనిచేసే ఇంజనీర్లు ఆమెకు భయపడతారని విన్నాను. భయపడాల్సిందే.

వీటన్నిటికంటే నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది, ఆ సినిమా విడుదలయ్యాక మేము ముగ్గురం మ్యాట్నీకి వెళ్ళిన రోజు. ఆవిడను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. బొమ్మ ఆవిడకు మసకమసకగానే కనిపిస్తోంది. హాలు చప్పుళ్ళు వింటోంది. ఆ సీను వచ్చింది. ఈలలు, మాటలు అన్నీ అణిగిపోయాయి. మా ముందు వరసలో ఒక మనిషి, నడివయసువాడు, చొక్కా భుజం మీద సిమెంటు మరక ఇంకా ఆరలేదు, తల వంచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్కన ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా అతనికి లేదు.

మా సహోద్యోగిని ఉండబట్టలేకపోయింది. ముందుకు వంగి అతని భుజం తట్టబోయింది. "అన్నా, గా గొంతు ఎవరిదో ఎరుకనా? గీడనే..."

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"వద్దే తల్లీ. వాడిప్పుడు వాళ్ళమ్మ మాట వింటున్నాడు. విననీ."